టాబ్లెట్‌లో బైబిల్ ధ్యానానికి ఏ యాప్ తీసుకోవాలి

ఆరాధనలో అయ్యగారు ఒక వచనం చదువుతారు. మీ చేతిలోని టాబ్లెట్‌లో అదే వచనం వేరే మాటల్లో ఉంటుంది. చెవి ఒకటి వింటుంది, కన్ను ఇంకొకటి చదువుతుంది, మనసు మధ్యలో నలుగుతుంది. యాప్ ఎంపికలో మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతోంది. ఎంతమంది వాడుతున్నారు, ఎన్ని వ్యాఖ్యానాలు ఉన్నాయి అని చూసి యాప్ దించుకుంటాం. సంఘంలో చదివే అనువాదం అందులో ఉందో లేదో తర్వాత వెతుక్కుంటాం. వరుస తిరగేయండి. ముందు అనువాదం, తర్వాత నెట్ లేకుండా తెరుచుకుంటుందా లేదా, ఆ తర్వాతే యాప్ పేరు.

మీ సంఘం చదివేది ఏది

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ప్రొటెస్టెంటు సంఘాలు ఎక్కువగా చదివేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ముద్రించే పాత అనువాదం. అందరూ ఓవీ (ఓల్డ్ వెర్షన్) అనే పిలుస్తారు. 1842లో మిషనరీ హెయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి వేళ్లూనిన లూథరన్ సంఘాలైనా, సీఎస్ఐ అయినా, బాప్టిస్టు, పెంతెకొస్తు కూడికలైనా కంఠతా వాక్యాలు ఓవీ మాటల్లోనే నోటికి వస్తాయి. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని చిన్నప్పటి నుంచి పలికినవారికి ఇంకో అనువాదం ఎంత తేటగా ఉన్నా పరాయిగానే తోస్తుంది.

రెండోది ఐఆర్‌వి (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్). వాడుక భాషకు దగ్గరగా ఉంటుంది. ఓవీలో "ప్రేమించెను" అన్నచోట ఇందులో "ప్రేమించాడు" అని ఉంటుంది. మూడోది బిబ్లికా వారి తెలుగు సమకాలీన అనువాదం. పదో తరగతి పిల్లలు ఆగకుండా చదవగలిగేవి ఈ రెండే. యువజనుల కూడికకు ఇవి మంచివని గట్టిగా చెప్పగలం. అయితే పిల్లలకు ఇవి ఇచ్చి, కంఠతా పోటీ మాత్రం ఓవీలో పెడితే వాళ్లు రెండింటికీ చెడతారు.

కతోలికులు ఇంకో సంగతి చూసుకోవాలి. ప్రొటెస్టెంటు బైబిల్లో 66 గ్రంథాలు, కతోలిక బైబిల్లో 73. తోబితు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు లేని యాప్‌తో దివ్యబలిపూజ పఠనాలన్నీ అనుసరించలేరు. గుణదల మాత ఉత్సవానికి వెళ్తూ దారిలో యాప్ వెతుక్కోవడం కాకుండా, ముందే గ్రంథాల పట్టిక తెరిచి ఈ మూడు పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. అర నిమిషం పని.

ఒక యాప్‌లో ఓవీ ఉండి మరో యాప్‌లో ఉండకపోవడానికి కారణం హక్కులు. ఓవీ ప్రచురణ బైబిల్ సొసైటీది, అనుమతి తీసుకున్న యాప్‌లే సక్రమంగా ఇవ్వగలవు. ఐఆర్‌వి, బిబ్లికా వారి బహిరంగ సమకాలీన అనువాదం క్రియేటివ్ కామన్స్ అనుమతితో విడుదలయ్యాయి కాబట్టి, మూలం పేర్కొంటూ ఎవరైనా పంచవచ్చు. ఉచిత యాప్‌లలో ఐఆర్‌వి తేలిగ్గా దొరికి ఓవీ దొరక్కపోవడానికి కారణం ఇదే.

యూవెర్షన్: చాలామందికి ఇది సరిపోతుంది

2008లో వచ్చిన ఈ యాప్ ఉచితం, ప్రకటనలు ఉండవు. ఆండ్రాయిడ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ పనిచేస్తుంది. ఓవీ, ఐఆర్‌వి, సమకాలీన అనువాదం అన్నీ ఇందులో దొరుకుతాయి. దినవాక్యం, పఠన ప్రణాళికలు, రంగులతో గుర్తులు, నోట్సు అన్నీ ఖాతాకు చేరతాయి కాబట్టి ఫోనులో గుర్తుపెట్టింది టాబ్లెట్‌లో కనిపిస్తుంది. ఇంట్లో అమ్మమ్మకి, స్త్రీల సమాజంలో వాక్యం చెప్పే అక్కకి, ఉద్యోగానికి వెళ్లేముందు మూడు అధ్యాయాలు చదువుకునేవారికి ఇంతకు మించి అక్కర్లేదు.

అనువాదం దించుకోవడం చాలామంది వదిలేసే మెట్టు. బైబిల్ పేజీ తెరిచి, పైన అధ్యాయం పక్కనున్న అనువాదం పేరు నొక్కండి. భాష తెలుగుకి మార్చండి. కావలసిన అనువాదం ఎదురుగా ఉన్న డౌన్‌లోడ్ గుర్తు నొక్కండి. తెర మీద అధ్యాయం కనిపించినంత మాత్రాన అది దిగినట్టు కాదు, అప్పటికప్పుడు నెట్ నుంచి వచ్చి ఉండవచ్చు. ప్రతి అనువాదానికీ ఆఫ్‌లైన్ అనుమతి ఉండదు కూడా. ఆడియోకైతే నెట్ కావాలనే లెక్కవేసుకోండి.

నోట్సు రాసేవారికి ఒక హెచ్చరిక. ఈ యాప్‌లో నోట్సును మీకే పరిమితం చేయవచ్చు, స్నేహితులకు చూపవచ్చు, అందరికీ తెరిచి ఉంచవచ్చు. ప్రార్థన అంశాల్లో ఇంటి సమస్యలు, పేర్లు రాసుకుంటాం కదా. భద్రపరిచే ముందు ఆ ఎంపిక ఎక్కడుందో కచ్చితంగా చూడండి.

దీని లోటు లోతైన అధ్యయనంలో. వచనం నొక్కి నాలుగైదు అనువాదాలు పోల్చవచ్చు, అది బాగుంది. కానీ మూలభాష పదం వెంట పోవాలంటే దారి చిన్నదైపోతుంది.

ఆండ్‌బైబిల్: ప్రసంగం సిద్ధం చేసుకునేవారికి

ఆండ్రాయిడ్ టాబ్లెట్ ఉండి, వాక్య పరిచర్య చేసేవారికి మా మొదటి సలహా ఇదే. ఉచితం, ప్రకటనలు లేవు, ప్రోగ్రాము కూడా బహిరంగం. తెరను రెండు మూడు కిటికీలుగా చీల్చి ఒకదానిలో తెలుగు, ఒకదానిలో ఇంగ్లిష్, కింద వ్యాఖ్యానం పెట్టుకోవచ్చు. ఒక కిటికీ జరిపితే మిగతావి వెంట జరుగుతాయి. 10, 11 అంగుళాల టాబ్లెట్ విలువ తెలిసేది ఇక్కడే. ఐప్యాడ్‌కి ఇది లేదు.

మొదటిసారి తెరిచినప్పుడు యాప్ ఖాళీ అలమారలా ఉంటుంది. వైఫై ఉన్నచోట కూర్చుని నింపుకోవాలి. డౌన్‌లోడ్ పేజీలో భాష తెలుగు ఎంచి ఐఆర్‌వి దించండి. తర్వాత ఇంగ్లిష్‌కి మార్చి కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లిష్ అనువాదం దించండి. అది స్ట్రాంగ్స్ సంఖ్యలు, అంటే హెబ్రీ, గ్రీకు మూలపదాలను చూపే సంఖ్యలు ఉన్న ప్రతి అయి ఉండాలి. స్ట్రాంగ్స్ హెబ్రీ, గ్రీకు నిఘంటువులు విడిగా దించాలి. ఇది మర్చిపోతే సంఖ్య నొక్కినా అర్థం రాదు, యాప్ పాడైందనుకుంటారు. వ్యాఖ్యానాల్లో మాథ్యూ హెన్రీ, నిఘంటువుల్లో 1897 నాటి ఈస్టన్ నిఘంటువు హక్కుల గడువు తీరినవి. ఏ యాప్‌లోనైనా వీటికోసం డబ్బు కట్టకండి.

వెతకాలంటే ప్రతి గ్రంథానికీ సూచిక ఒకసారి తయారు కావాలి. యాప్ అడిగినప్పుడు ఒప్పుకుని, అది పూర్తయ్యేవరకూ తెర ఆపకుండా ఉంచండి. మధ్యలో ఆపేసి "వెతుకుడు పనిచేయడం లేదు" అనుకునేవారు చాలామంది.

స్ట్రాంగ్స్ సంఖ్యలు తెలుగులో ఎందుకు రావు

జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన పదసూచిక కింగ్ జేమ్స్ బైబిల్ మీద కట్టింది. ప్రతి హెబ్రీ, గ్రీకు మూలపదానికీ ఒక సంఖ్య ఇచ్చారు. హెబ్రీకి 8674 వరకు, గ్రీకుకి 5624 వరకు. ఆ సంఖ్యలు ఇంగ్లిష్ మాటలకు అతికించి ఉంటాయి. తెలుగు వాక్యంలో క్రియ చివరికి పోతుంది, విభక్తులు మాటకు అంటుకుంటాయి. ఆ సంఖ్యలను తెలుగు పాఠానికి అతికించాలంటే ఎవరో ప్రతి వచనం మీదా కూర్చుని పనిచేయాలి. కాబట్టి "స్ట్రాంగ్స్ ఉన్న తెలుగు బైబిల్" అని ఏ యాప్ అయినా చెబితే, దించాక ముందుగా తెలుగు మాట నొక్కి చూడండి. చాలాసార్లు సంఖ్యలు పక్కనున్న ఇంగ్లిష్‌కే ఉంటాయి.

పని జరిగే పద్ధతి ఇది. కీర్తన 136 తీసుకోండి. 26 వచనాలు, ప్రతిదాని చివరా కృప నిరంతరముండునన్న మాటే. తెలుగులో చదివి, పక్క కిటికీలో కింగ్ జేమ్స్‌లోని అదే వచనంలో కృపకు సమానమైన ఇంగ్లిష్ మాట నొక్కండి. హెచ్2617 వస్తుంది (హెచ్ అంటే హెబ్రీ), పదం హెసెద్. ఆ సంఖ్యతోనే వెతికితే అదే మాట ఇంకెక్కడెక్కడ వచ్చిందో పట్టిక వస్తుంది. ఆ వచనాలను ఒక్కొక్కటిగా మళ్లీ తెలుగులో చదవండి. కృప, దయ, కనికరం అని సందర్భాన్ని బట్టి తెలుగు ఎలా మారుతుందో అప్పుడు కళ్లకు కడుతుంది. ఒక సాయంత్రం దీనికి వెచ్చిస్తే గృహకూడికకు కావలసినంత సరుకు చేతికొస్తుంది.

అయితే సంఖ్య ఇచ్చేది పదమూలం, ఆ వచనంలోని భావం కాదు. యోహాను 21:15–17లో ప్రభువు పేతురును మూడుసార్లు అడిగినచోట జి25, జి5368 (జి అంటే గ్రీకు) అని ప్రేమకు రెండు వేర్వేరు మాటలు కనిపిస్తాయి. దాని మీదే ప్రసంగమంతా నిలబెట్టేస్తారు. యోహాను ఆ రెండు మాటలనూ ఒకే అర్థంలో మార్చి మార్చి వాడాడనే పండితులూ ఉన్నారు. నిఘంటువు పెట్టెలో కనిపించిన మొదటి అర్థాన్ని పట్టుకుని పుల్పిట్ ఎక్కకండి. వ్యాఖ్యానం కూడా తెరిచి చూడండి.

ఐప్యాడ్ ఉన్నవారికి, డబ్బు పెట్టదలచినవారికి

ఐప్యాడ్‌లో చదవడానికి యూవెర్షన్, పద అధ్యయనానికి బ్లూ లెటర్ బైబిల్ జంటగా పెట్టుకోవచ్చు. రెండూ ఉచితమే. తెర పక్కపక్కన పంచుకుంటే తెలుగు ఒకవైపు, స్ట్రాంగ్స్ ఒకవైపు ఉంటాయి. కాకపోతే ఇవి రెండు వేర్వేరు యాప్‌లు కాబట్టి ఒకటి జరిపితే రెండోది జరగదు, వచనం చేత్తోనే మార్చుకోవాలి.

ఆలివ్ ట్రీ అనే యాప్‌లో ఒక్కో పుస్తకం విడిగా కొనుక్కోవచ్చు. లోగోస్ పెద్ద గ్రంథాలయం. ఉచితంగానూ మొదలుపెట్టవచ్చు, 2024 నుంచి చందా పద్ధతి ప్రధానమైంది. వేదాంత కళాశాల విద్యార్థులకు, ఇంగ్లిష్ వ్యాఖ్యానాలు హాయిగా చదవగలిగే కాపరులకు ఇవి నిజంగా ఉపయోగపడతాయి. ఇంగ్లిష్ చదవడం కష్టమైనవారు వీటిమీద డబ్బు పెట్టడం మాకు ఇష్టం లేదు. అంతే డబ్బుతో తెలుగులో ముద్రించిన ఒక మంచి వ్యాఖ్యానం కొనుక్కుంటే ఎక్కువ చదువుతారు. చందా తీసుకున్నా, కట్టిన రోజే గడువు తేదీ క్యాలెండరులో రాసుకోండి, లేకపోతే దానంతటదే పొడిగింపై డబ్బు పోతుంది.

పేరు తెలియని తెలుగు బైబిల్ యాప్‌లు

ప్లే స్టోరులో "తెలుగు బైబిల్" అని కొడితే వరుసగా కనిపించేవి ఎన్నో. కొన్ని శ్రద్ధగా చేసినవే. కొన్ని మాత్రం ఎక్కడి పాఠమో, ఏ అనువాదమో కూడా చెప్పవు. ప్రార్థన మధ్యలో తెర నిండా ప్రకటన వస్తుంది. అన్నిటికన్నా కీడు పాఠంలోని తప్పులు. పది నిమిషాల పరీక్ష పెట్టండి. కీర్తన 119 చివరికి వెళ్లండి, 176వ వచనం ఉండాలి. కీర్తన 117లో రెండే వచనాలు ఉండాలి. ఓబద్యాలో 21. ఎస్తేరు 8:9 బైబిల్లోకెల్లా పొడవైన వచనమంటారు, అది మధ్యలో తెగిపోలేదు కదా చూడండి. ఆపై మీ చేతి బైబిల్ తెరిచి ఏదైనా ఒక అధ్యాయం మాటమాట పోల్చండి. వత్తులు ఊడిపోయిన మాటలు, అతుక్కుపోయిన వచనాలు అక్కడే బయటపడతాయి.

వచనం లేదనిపించిన ప్రతిసారీ యాప్‌ని తప్పుపట్టకండి. మత్తయి 17:21, అపొస్తలుల కార్యములు 8:37 వంటివి కొన్ని అనువాదాల్లో అడుగున గమనికగా మాత్రమే ఉంటాయి. అది ప్రాచీన ప్రతుల తేడా. కీర్తనల్లో శీర్షికను మొదటి వచనంగా లెక్కించే హెబ్రీ పద్ధతి వల్ల కూడా రెండు కిటికీలు ఒక వచనం అటూఇటూ అవుతాయి.

వెతికితే దొరకనప్పుడు

"ఓవీలో గొర్రె అని కొడితే ఏమీ రావడం లేదు" అన్న ఫిర్యాదు చాలాసార్లు వింటుంటాం. ఓవీలో ఉన్నది గొఱ్ఱె, బండి ఱతో. మనిషి కంటికి రెండూ ఒకటే, యంత్రానికి కాదు. కీబోర్డులో ర మీట నొక్కిపట్టి చూడండి. ఱ కనబడకపోతే యోహాను 1:29 తెరిచి "గొఱ్ఱె" వరకు కాపీ చేసి వెతుకుడు పెట్టెలో అతికించండి.

క్రియలదీ అదే తంతు. ఓవీ గ్రాంథికం కాబట్టి "ప్రేమించాడు" అంటే దొరకదు. "ప్రేమించ" వరకే కొట్టండి. ప్రేమించెను, ప్రేమించుడి కూడా వచ్చేస్తాయి. పూర్తి మాటకే సరిచూసే యాప్ అయితే చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. విభక్తులు కూడా వదిలేయండి. "దేవుని" కన్నా "దేవు" ఎక్కువ తెస్తుంది, అక్కర్లేనివీ కొన్ని తెస్తుందనుకోండి. గొంతుతో టైపు చేస్తే కీబోర్డు వాడుక రూపాలే రాస్తుంది, ఓవీలో వెతకడానికి అది పనికిరాదు. ఈ ఒక్క కారణానికైనా ఓవీతోపాటు ఐఆర్‌వి కూడా దించి ఉంచండి. గుర్తున్న మాట ఐఆర్‌విలో వెతికి, వచనం సంఖ్య పట్టుకుని ఓవీకి రండి.

టాబ్లెట్ సంగతి

ఒక్క తెలుగు పాఠమే చదివేవారికి 8.7 అంగుళాలది చాలు. సంచిలో పడుతుంది, ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. దీనిలో తెర చీలిస్తే మాత్రం, అక్షరం పెద్దది చేయగానే వరుసకు మూడు మాటలే పడతాయి. ఓవీలోని పొడవైన సంధి మాటలు విరిగిపోతాయి. రెండు కిటికీలతో పనిచేసేవారు 11 అంగుళాలది తీసుకోండి. విజయవాడ బెసెంట్ రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో దుకాణంలో చూసేటప్పుడు మీ ఫోను హాట్‌స్పాట్ ఇచ్చి, నమూనా టాబ్లెట్ బ్రౌజరులోనే ఒక తెలుగు అధ్యాయం తెరిచి, అక్షరం పెంచి చదవండి. కళ్లజోడు ఉన్నవారు కళ్లజోడుతోనే.

నిల్వ గురించి బెంగ వద్దు. తెలుగు బైబిల్ పాఠం కొద్ది మెగాబైట్లే. స్థలం తినేది ఆడియో. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతలో గంటకు దాదాపు 29 మెగాబైట్లు, అంటే 20 గంటల కొత్త నిబంధనకు 580 దాకా. 64 జీబీ టాబ్లెట్‌కి ఇది భారం కాదు. పాఠం దించుకున్నాక సిమ్ ఉన్న టాబ్లెట్ కూడా అవసరం లేదు, వైఫై మాత్రమే ఉన్నది తీసుకుని మిగిలిన డబ్బు మంచి తెర మీద పెట్టండి.

మన ఎండలు మాత్రం లెక్కలో పెట్టుకోవాలి. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిల్ చెబుతుంది. మే నెలలో బెజవాడలో షామియానా కింద కూడా అంతకన్నా ఎక్కువే. వేడెక్కితే తెర దానంతటదే మసకబారుతుంది, ఇంకా పెరిగితే చల్లారేదాకా పనిచేయనని మొరాయిస్తుంది. స్కూటర్ డిక్కీలో, ఆపిన కారులో పెట్టకండి. వేసవి కూటాల్లో వాక్యం చెప్పేవారు ముఖ్య వచనాలు కాగితం మీద కూడా రాసుకుని వెళ్లాలి.

శనివారం సాయంత్రం

ఏ యాప్ ఎంచుకున్నా ఒకసారి విమాన మోడ్ పెట్టి, యాప్ పూర్తిగా మూసి, మళ్లీ తెరవండి. మర్నాటి వాక్యభాగం వస్తోందా? రెండో అనువాదం? నోట్సు? వందలమంది ఒకేచోట ఫోన్లు తెరిచినప్పుడు నెట్ రాకపోతే మీకు మిగిలేది ఇప్పుడు కనిపించినంతే. ఆరాధనలో కూడా విమాన మోడ్ అలాగే ఉంచితే వాట్సాప్ మోతలు ఉండవు.

నోట్సుకు నకలు తీయడం అందరూ వాయిదా వేసే పని. ఆండ్‌బైబిల్‌లో క్లౌడ్ సింక్ మీరుగా పెట్టుకోకపోతే మీ గుర్తులు, నోట్సు టాబ్లెట్‌లోనే ఉంటాయి. మెనూలో బ్యాకప్ ఎంచి ఆ ఫైలును గూగుల్ డ్రైవ్‌కో మీ మెయిలుకో పంపకుండా యాప్ తీసేస్తే, లేదా దాని డేటా తుడిచేస్తే అవి తిరిగి రావు. యూవెర్షన్‌లో ఖాతాకు చేరతాయి కానీ, ఏ మెయిలుతో తెరిచారో మర్చిపోయి కొత్త ఖాతా తెరిచేవారు చాలామంది, అప్పుడు పాత రంగులన్నీ పోయాయనుకుంటారు. ఆ మెయిలు చిరునామాను మీ అచ్చు బైబిల్ అట్ట లోపలి పేజీలో రాసి పెట్టుకోండి.